బొప్పి కట్టింది కదా అని ఊరుకోరాదు!

పట్టిసీమ (మా విలేకరి): బడి వదిలాక సాయంత్రం పూట గోదావరి గట్టు వెంట నడిస్తే ఇసుకలో క్రికెట్, గట్టి నేల మీద కబడ్డీ, రేవు మెట్ల మీద నుంచి నీళ్లలోకి దూకుళ్లు కంటబడతాయి. వేసవిలో మామిడి చెట్లు సరేసరి. ఆడే వయస్సు పిల్లలు ఆడవలసిందే. అయితే ఈ ఆటల్లో ఎవరిదో తల నేలకు కొట్టుకోవడం, పక్కవాడి మోకాలు కణతకు తగలడం మామూలే. చుట్టూ ఉన్నవారు ముఖాన నీళ్లు చల్లి, బొప్పి మీద అరచేత్తో రుద్ది, "ఏం ఫర్వాలేదు, లేచాడు" అంటారు. వాడూ రెండు నిముషాలకే మళ్లీ కూతకు వెళతాడు. భయపడవలసింది ఇక్కడే.

ముంత కింద పడకపోయినా గట్టిగా కుదిపితే లోపల తోడుకున్న పెరుగు విరిగిపోతుంది. తలకు దెబ్బ తగిలినప్పుడు మెదడు సంగతీ అంతే. పుర్రె చిట్లదు, నెత్తురు చుక్క రాదు, స్కానింగు తీసినా ఏమీ కనిపించకపోవచ్చు. కాని లోపల మెదడు అదిరి, కొన్ని రోజుల పాటు దాని పని తప్పుతుంది. దీనినే డాక్టర్లు కంకషన్ అంటారు. స్పృహ తప్పితేనే ఇది వచ్చినట్టని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఎక్కువమందికి స్పృహ తప్పనే తప్పదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, వెలుతురు చూడలేకపోవడం, అడిగిందే అడగడం, ఊరికే చిరాకు పడడం దీని గుర్తులు. కొందరిలో ఇవి కొన్ని గంటల తరువాత గాని బయటపడవు.

ఈ విలేకరి ఏడో తరగతిలో మామిడిచెట్టు మీద నుంచి పడ్డాడు. ఇంటికి ఎలా చేరిందీ ఈనాటికీ జ్ఞాపకం లేదు. "నా చెప్పులేవిరా" అని దారి పొడుగునా అడిగిందే అడిగానని తోటివారు తరువాత చెప్పి నవ్వారు. ఇంట్లో తెలిస్తే వీపు చిట్లుతుందని రెండు రోజులు తలనొప్పి దాచుకోవడం మాత్రం బాగా గుర్తుంది. నేటికీ పిల్లలు దెబ్బను దాచేది ఈ భయం చేతనే. "చెబితే కొట్టను నాన్నా" అన్న ఒక్క మాట ఇంట్లో ముందుగా అని ఉంచితే చాలా మేలు.

లేచి నడిచినంత మాత్రాన గండం గడిచినట్టు కాదనడానికి మన దేశపు క్రికెటర్ రామన్ లాంబా ఉదంతం చాలు. 1998 ఫిబ్రవరి 20న ఢాకాలో క్లబ్బు పోటీలో హెల్మెట్ లేకుండా బ్యాట్స్‌మన్‌కు అతి దగ్గరగా నిలబడ్డారు. బంతి తలకు తగిలింది. తనంతట తానే నడిచి మైదానం వదిలారు. కొద్దిసేపటికే పరిస్థితి విషమించింది. మూడో రోజున, 23న, కన్నుమూశారు. ఆయనది తల లోపల రక్తస్రావం, వట్టి అదురు కాదు. కాని దెబ్బ తగిలిన తొలి గడియలో ఏది ఏదో బయటి నుంచి చూసేవారు చెప్పలేరు.

రెండవ ప్రమాదం మళ్లీ ఆటకు దింపడం. మొదటి దెబ్బ మానకముందే రెండో దెబ్బ తగిలితే మెదడు వాచి ప్రాణం మీదకు రావచ్చు. ఇది అరుదే గాని, పిల్లల్లోనే ఎక్కువ భయం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో 13 ఏళ్ల విద్యార్థి ఒకడు ఇలాగే దెబ్బ తిని, తిరిగి ఆడి, ఆట ముగియగానే కుప్పకూలి చాలాకాలం మంచం పట్టాడు. అనుమానం ఉన్న విద్యార్థిని వెంటనే ఆట నుంచి తప్పించాలని, వైద్యపరంగా అర్హులైన వారు రాతపూర్వకంగా అనుమతిస్తే గాని మళ్లీ దింపరాదని 2009లో అక్కడ చట్టం చేశారు. తరువాత మిగతా రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. మన డ్రిల్లు మాస్టార్లు చట్టం కోసం చూడనక్కరలేదు. ఈల ఊది వాడిని బయట కూర్చోబెడితే చాలు. "ఇవాళ ఏ వారం రా? మధ్యాహ్నం భోజనంలో ఏం కూర వేశారు?" అని అడగాలి. తడబడితే అనుమానించవలసిందే. తడబడకపోయినా ఆనాటికి ఆట లేదు. ఒంటరిగా ఇంటికి పంపకుండా తల్లిదండ్రులకు కబురు చేయాలి.

ఇంటి దగ్గర ఆ రాత్రి ఒకరు కనిపెట్టి ఉండాలి. దెబ్బ తగిలినవాణ్ణి నిద్రపోనివ్వకూడదని పెద్దలు తెల్లవార్లూ కూర్చోబెడతారు. డాక్టరు చూసి భయం లేదన్నాక నిద్ర మంచిదే. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్ వంటి మాత్రలు సొంతంగా వేయరాదు. గాయంలో కాఫీపొడి, పసుపు కూరడం మానాలి.

వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరిగిపోతున్నా, ఫిట్స్ వచ్చినా, మాట ముద్దగా వచ్చినా, ఒక కంటిపాప పెద్దదిగా కనిపించినా, ముక్కు నుంచి గాని చెవి నుంచి గాని నీరులాంటిది కారినా, లేపితే లేవకపోయినా ఇక ఆలస్యం పనికిరాదు. 108కి ఫోన్ చేయాలి. మెడకు కూడా దెబ్బ తగిలి ఉండవచ్చు గనుక పిల్లవాణ్ణి భుజాన వేసుకుని పరుగెత్తరాదు. ఇక్కడి నుంచి తాళ్లపూడి, కొవ్వూరు మీదుగా వంతెన దాటి రాజమండ్రి చేరేసరికి చాలా సమయం పడుతుంది. "తెల్లారనివ్వండి, చూద్దాం" అనే మాట ఈ ఊళ్లకు మరీ ప్రమాదం.

ఒకటి రెండు రోజుల విశ్రాంతి తరువాత పిల్లవాణ్ణి బడికి పంపవచ్చు. చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టనక్కరలేదు. మొదటి రెండు రోజులూ సెల్‌ఫోన్ ఇవ్వకపోవడం మేలు. లెక్కలు ఎక్కకపోయినా, పాఠం మధ్యలో తల వాల్చినా దానిని సోమరితనంగా ఉపాధ్యాయులు భావించరాదు. తలనొప్పి పూర్తిగా తగ్గి, చదువు మామూలుగా సాగాకనే, మొదట నడక, తరువాత పరుగు, డాక్టరు సరేనన్నాక చివరికి కబడ్డీ. చాలామంది నెల రోజుల్లో కోలుకుంటారు. మొట్టికాయల విషయం వేరే చెప్పాలా? బడిలో పిల్లలను కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది.

మోటారు సైకిలు మీద బడికి దిగబెట్టే తండ్రులు తమ నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, వెనుక కూర్చున్న బిడ్డను ఉత్త తలతో తీసుకువెళ్లడం చూస్తూనే ఉన్నాం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ హెల్మెట్ ఉండాలి. కబడ్డీ కోర్టులో రాళ్లు ఏరి ఇసుక పోయడానికి ఊళ్లో ట్రాక్టరు ఉన్న రైతు ఒక్క పూట తలచుకుంటే చాలు. ఇక రేవు సంగతి. ఎండాకాలంలో నీరు తీసి ఇసుక మేటలు వేస్తుంది. నిరుడు నిలువెత్తు లోతున్న చోట ఈ ఏడు మోకాలి లోతే ఉండవచ్చు. అటువంటి చోట తలకిందులుగా దూకే పిల్లలను గట్టున బట్టలుతికే అమ్మలైనా సరే కేకేసి ఆపాలి.