మావారి రిటైర్మెంటు - మా ఇద్దరి ఏడాది

మావారు కేంద్ర ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరై వచ్చే నెలకు ఏడాది. దండా, శాలువా ఆయనకు. పూటకు రెండుసార్లు కాఫీ పెట్టే పని నాకు! మొదటి మూడు నెలలూ నా వంటింటి డబ్బాలకు పేర్లు రాసి అంటించడంతో ఆయనకు పొద్దుపోయింది. నాకు విసుగు పుట్టి ఉదయం నడకకు బయల్దేరదీశాను. పెద్దలకు వారానికి 150 నిమిషాల చురుకైన నడక మంచిదంటారు.

ఆయన షుగరు పరీక్షకు తోడు వెళితే డాక్టరమ్మ నాకూ బి.పి. చూసింది. 160/100! తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. చాలామందికి ఏ సూచనా లేకుండానే పెరుగుతుందట. ఇన్నేళ్ళూ ఆయన మాత్రలు గుర్తుచేసిన దాన్ని, నా సంగతే పట్టించుకోలేదు. మీరు చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారమ్మా?

ఇంకొక మాట. నవంబరులో ఆయన లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వాల్సి వచ్చింది. 2014 నుంచి వేలిముద్రతోనూ ఇవ్వవచ్చు. ఆ రోజు నేనూ వెళ్ళి, పింఛను కాగితాలు అడిగి చూశాను. ఫ్యామిలీ పెన్షనుకు రాసిన నా పుట్టిన తేదీ తప్పు! దిద్దించడానికి రెండు నెలలు పట్టింది. అదే ఆయన లేనప్పుడు బయటపడి ఉంటే? అశుభమనుకోకుండా ఆ కాగితం ఈ వారమే తీయించండి.

సంక్రాంతికి అమ్మాయి, మనవలు వచ్చి వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. అప్పటినుంచి చూపులేని విద్యార్థుల కోసం పాఠాలు చదివి రికార్డు చేస్తున్నాం. చరిత్ర ఆయనది, తెలుగు నాది. మధ్యలో కుక్కరు కూత వేస్తే మళ్ళీ మొదటినుంచి చదవాలి. అందుకని ఇప్పుడు స్టవ్ కట్టే పని ఆయనదే.