పెంచే ఇంటికీ కావాలి ఓ అండ

తల్లి కాలం చేసింది. తండ్రి పనికని పోయి మళ్లీ రాలేదు. ఇద్దరు పిల్లల్నీ అమ్మమ్మ తెచ్చుకుంది. హోసూరు, బళ్లారి, బరంపురం, సోలాపూర్.. ఏ ఊరి తెలుగు వీధిలో అడిగినా ఇలాంటి ఇల్లు ఒకటి చూపిస్తారు. 'పాపం' అని ఓ మాట అనేసి మనం ముందుకు సాగిపోతాం. ఆ ముసలమ్మకు నెల తిరిగేసరికి బియ్యం, మందులు, నోటు పుస్తకాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో అడిగేవారు తక్కువ.

అడగాలి. ఎందుకంటే ఆమెకు రావాల్సిన సాయం ఒకటుంది. అది ఉందన్న సంగతే చాలామందికి తెలీదు.

నెలకు రూ.4 వేలు

కేంద్రం 2022లో 'మిషన్ వాత్సల్య' మార్గదర్శకాలు తెచ్చింది. వీటి ప్రకారం స్పాన్సర్‌షిప్ కింద ఒక్కో బిడ్డకు నెలకు రూ.4 వేలు ఇస్తారు. అంతకుముందు ఇది రూ.2 వేలే. తల్లిదండ్రులు లేక బంధువుల ఇళ్లలో పెరుగుతున్నవారు, భర్త పోయిన లేదా భర్త వదిలేసిన తల్లుల పిల్లలు, కన్నవారు ప్రాణాంతక జబ్బుతో మంచాన పడ్డ పిల్లలు దీనికి అర్హులు. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో రూ.72 వేలు, మిగతాచోట్ల రూ.96 వేలు దాటకూడదు.

దరఖాస్తు చేయాల్సింది జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో. బోర్డు మీద తెలుగు ఉండదు కాబట్టి పేరు గుర్తుపెట్టుకోండి. కర్ణాటకలో 'మక్కళ రక్షణా ఘటక', తమిళనాడులో 'కుళందైగళ్ పాదుగాప్పు అలగు', మహారాష్ట్రలో 'బాల సంరక్షణ కక్ష', ఒడిశాలో 'శిశు సురక్షా యూనిట్'. అన్నీ ఒకటే.

అసలు చిక్కు కాగితాల దగ్గరే. కూతురు కన్నుమూసింది అనంతపురం ఆసుపత్రిలో అనుకోండి, మరణ ధ్రువపత్రం అక్కడే తీసుకోవాలి. ఆదాయ ధ్రువపత్రం మాత్రం ఇక్కడి తహసీల్దారు ఇవ్వాలి. అమ్మమ్మకు కన్నడం మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. రెండుసార్లు తిరిగితే బస్సు చార్జీలకే ఆమె కూలి డబ్బులు చెల్లు. మూడోసారి వెళ్లదు. ఇక్కడే పక్కింటివారి అవసరం. అటు ఊరికి వెళ్లేవారు ఒకరు ఆ పత్రం తెచ్చిపెడితే, కాలేజీ కుర్రాడు ఒకడు ఫారం నింపిపెడితే పని సగం అయినట్టే. ఉగాదికి పందిళ్లు వేసే మన సంఘాలు ఇలాంటి పనికి ఏడాదిలో రెండు ఆదివారాలు కేటాయించలేవా?

బడి విషయంలో భయపడక్కర్లేదు. వయసు ధ్రువపత్రం లేదని, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండటానికి 2009 విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు.

బంధుత్వం లేకున్నా..

పిన్ని, మేనమామ, నాయనమ్మ ఎవరూ లేని పిల్లల మాటేమిటి? వారి కోసమే ఫోస్టర్ కేర్. 2015 బాలల న్యాయ చట్టంలో దీనికి చోటుంది. దత్తత అంటే బిడ్డ పూర్తిగా మన బిడ్డ. ఫోస్టర్ కేర్‌లో అలా కాదు. బాలల సంక్షేమ కమిటీ ఒక కుటుంబాన్ని పరిశీలించి, ఆమోదించి బిడ్డను అప్పగిస్తుంది. కన్నవారు ఉంటే కమిటీ అనుమతితో వచ్చి చూసుకోవచ్చు. వారు కుదుటపడ్డారని తేలితే బిడ్డ తిరిగి వారింటికే. తోడబుట్టినవారిని వీలైనంత వరకు విడదీయకూడదని కూడా చట్టంలో ఉంది.

2024లో మార్గదర్శకాలు మార్చారు. పెళ్లికానివారు, భర్త లేదా భార్య పోయినవారు, విడాకులు తీసుకున్నవారు కూడా 35 నుంచి 60 ఏళ్ల లోపు ఉంటే ముందుకు రావచ్చు. ఒంటరి మగవారికి మాత్రం ఆడపిల్లను అప్పగించరు. దత్తతకు చట్టపరంగా వీలున్న బిడ్డయితే రెండేళ్లు పెంచాక దత్తత కోరవచ్చు. ఇంతకుముందు అయిదేళ్లు ఆగాల్సి వచ్చేది.

తెలుగు కుటుంబాలు ఇందులో పేరు నమోదు చేసుకోవడం చాలా అవసరమని చెప్పక తప్పదు. ఇంట్లో తెలుగు తప్ప మరోటి వినని ఎనిమిదేళ్ల పిల్ల, అమ్మ పోయిన దుఃఖంలో ఉండగా, ఆకలేస్తోందని చెప్పుకోవడానికి కూడా కొత్త భాష వెతుక్కోవాల్సి రావడం ఎంత నరకం! కమిటీ ముందుకు వెళ్లినప్పుడూ అంతే. బిడ్డకు స్థానిక భాష రాకపోతే అనువాదకుడిని అడగండి. జిల్లా యూనిట్ దగ్గర అనువాదకుల జాబితా ఉండాలన్నది నిబంధన. రెండు భాషలూ వచ్చిన టీచర్లు ఆ జాబితాలో చేరితే ఇంకా మంచిది.

వీధి నోరు

బిడ్డ బాగోగులు చూడటానికి ఫోస్టర్ కుటుంబానికి నెలనెలా తనిఖీ ఉంటుంది. ఇది చట్టం చెప్పిన పద్ధతే. కానీ వీధి ఊరుకోదు కదా! 'ఆఫీసర్లు ఊరికే వస్తారా, ఏదో జరిగే ఉంటుంది' అని గుసగుసలు. 'సర్కారు డబ్బు కోసం పెంచుతున్నారు' అని ఇంకొందరు. నాలుగు వేలతో ఈ రోజుల్లో ఒక పిల్లాడి పాలు, బట్టలు, ట్యూషన్ ఏపాటి తీరతాయో వారే లెక్క వేసి చూడాలి. ఇక 'మీ అసలు అమ్మ ఎవరే?' అని పిల్లనే నిలదీసేవారికి ఏం చెప్పాలి?

మరో జాగ్రత్త. కాలనీ వాట్సాప్ గ్రూపులో 'అనాథ పాపను చేరదీసిన దంపతులు' అంటూ ఫొటో పెట్టేస్తున్నారా? వద్దు. సంరక్షణలో ఉన్న బిడ్డ పేరు, ఫొటో, బడి వివరాలు బయటపెట్టడం నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా రూ.2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

చేయాల్సింది ఇంకోటుంది. జ్వరమొచ్చినప్పుడు తోడుగా ఆసుపత్రికి వెళ్లండి. పెంచే తల్లికి ఒక పూట విశ్రాంతినిచ్చి పిల్లల్ని మీ ఇంట్లో ఆడించండి. బిడ్డ కన్నవారి దగ్గరికి తిరిగి వెళ్లిపోయిన వారం ఆ ఇల్లు ఎంత బోసిగా ఉంటుందో పెంచినవారికే తెలుసు. అప్పుడూ ఓసారి వెళ్లి కూర్చోండి.

మీ వీధిలో ఒంటరిగా మిగిలిన బిడ్డ కనిపిస్తే సొంతంగా ఎవరికో ఇచ్చేయకండి. డబ్బు చేతులు మారితే అది అమ్మకం కిందికి వస్తుంది, శిక్ష పడుతుంది. 1098కి ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఏ రాష్ట్రంలో ఉన్నా అదే నంబరు.