రౌతు మెత్తనైతే... గుర్రపుస్వారీ: అపోహలు – వాస్తవాలు

నూజివీడు చుట్టుపక్కల గుర్రం కనబడే చోట్లు తక్కువ. పెళ్లి ఊరేగింపులో, సినిమా తెర మీద, తిరుమల బ్రహ్మోత్సవాల ఎనిమిదో రాత్రి అశ్వవాహన సేవ టీవీలో వస్తే అందులో. జట్కాబళ్లు పోయాక గుర్రంతో రోజూ మసిలే మనుషులు కరువయ్యారు. దాని గురించి మనకు మిగిలిందల్లా సామెతలూ, సినిమాలూ నేర్పిందే. ‘మగధీర’ (2009), ‘బాహుబలి’ (2015) చూసిన కుర్రాళ్లు స్వారీ నేర్చుకుంటామంటారు. మామిడి కాపు బాగా పడిన ఏడు తోటలో ఓ గుర్రాన్ని కట్టేసుకుంటే బావుంటుందని కొందరు రైతులకు సరదా. ఇద్దరూ బయల్దేరేది ఒకే రకం నమ్మకాలతో.

అపోహ: రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది. కాబట్టి కళ్లెం బిగబట్టాలి.

సామెతలో తప్పులేదు, మనం తీసుకున్న అర్థంలోనే ఉంది. గుర్రం నోట్లో ముందుపళ్లకీ దవడపళ్లకీ మధ్య ఖాళీ ఉంటుంది. అక్కడ పళ్లుండవు, ఒట్టి చిగురే. కళ్లెం ఇనుము ఆనేది ఆ చిగురు మీద, నాలుక మీద. కొత్తగా ఎక్కినవాడు ఒరిగిపోయినప్పుడల్లా పడకుండా ఉండటానికి చేతిలో ఉన్నదాన్ని పట్టుకు లాగుతాడు. చేతిలో ఉండేవి పగ్గాలే. ఆ నొప్పికి గుర్రం ఆగుతుందనుకుంటాం కానీ, చాలా గుర్రాలు నొప్పి నుంచి పారిపోవాలని ఇంకా జోరందుకుంటాయి, లేదా తల ఎగరేసి ముందుకాళ్లు పైకి లేపుతాయి. ఇలా నెలల తరబడి లాగించుకున్న గుర్రం నోరు మొద్దుబారిపోతుంది. అప్పుడు దానికి ‘మొండిది’ అని పేరు పెట్టి మరింత కరుకు కళ్లెం తగిలిస్తారు.

అందుకే పని తెలిసిన గురువు మొదటిరోజు పగ్గాలు చేతికివ్వడు. తాను మధ్యలో నిలబడి, పొడవాటి తాడుతో గుర్రాన్ని సుమారు ఇరవై మీటర్ల వలయంలో తిప్పుతాడు. గుర్రాన్ని నడిపించడం, ఆపడం అంతా ఆయన పనే. పైనున్నవాడు చేతులు నడుం మీద పెట్టుకుని కూర్చోవడం ఒక్కటే నేర్చుకుంటాడు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్ శతాబ్దాలుగా పేరున్న సంస్థ. అక్కడ చేరినవాళ్లకు సైతం చాలాకాలం పగ్గాలూ రికాబులూ లేకుండా ఈ తాడు మీదే పాఠం. రౌతు గట్టిగా ఉండాల్సింది చేతిలో కాదు, కూర్చున్న తీరులో. నడుం నిటారుగా, తొడలు వదులుగా, చూపు ముందుకు. ఆ కూర్పు కుదిరాకే చేతికి పగ్గాలు. ‘మొదటిరోజే దౌడు తీయిస్తాం’ అనే చోటికి డబ్బులివ్వకండి.

అపోహ: ధైర్యం ఉంటే చాలు. భయపడితే గుర్రం పసిగట్టి పడేస్తుంది.

మీరు బిగుసుకుపోతే, ఊపిరి బిగబడితే గుర్రానికి తెలుస్తుంది, నిజమే. దానికది కంగారుపడుతుంది కానీ కక్ష కట్టదు. తరతరాలుగా పారిపోయి బతికిన జంతువది. కళ్లు తలకి ఇరుపక్కలా ఉండటంతో చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. సరిగ్గా నుదుటి ముందూ, తోక వెనకా మాత్రం కనబడదు. చెప్పాపెట్టకుండా వెనకనుంచి వెళ్లి తట్టినవాడికి తన్ను తగిలేది అందుకే. పక్కనుంచి, మాట వినిపిస్తూ, భుజం వైపు వెళ్లాలి. చెవులు వెనక్కి అణిచిపెట్టిందంటే దూరం జరగమని అర్థం. తొలి పాఠాలకు కుర్ర గుర్రం కన్నా వయసు మీరిన, నింపాదైన గుర్రమే మేలు. చూడటానికి ముచ్చటగా లేకపోతే పోనీండి.

ధైర్యం పేరుతో హెల్మెట్ వద్దనేవాళ్లూ ఉన్నారు. స్వారీకి విడిగా చేసిన హెల్మెట్లున్నాయి, అవే పెట్టుకోవాలి. కాలికి కొద్దిపాటి మడమ ఉన్న బూటు ఉండాలి. చెప్పులతో ఎక్కితే పాదం రికాబులోంచి అవతలికి జారి ఇరుక్కుంటుంది. పడటం కన్నా, పడ్డాక గుర్రం ఈడ్చుకుపోవడం ఎక్కువ ప్రమాదం.

అపోహ: ఇది మగవాళ్ల విద్య. అదీ చిన్నప్పుడే నేర్వాలి, తొడల్లో బలముండాలి.

డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్‌కు 1944లో పోలియో వచ్చి మోకాళ్ల కింద కాళ్లు చచ్చుబడ్డాయి. గుర్రం మీదికి ఎక్కించడానికి, దించడానికి మనిషి కావాలి. ఆమె 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మగవాళ్లతో తలపడి డ్రెస్సాజ్ అనే స్వారీ పోటీలో రజతం గెలిచింది. 1956లో మళ్లీ రజతం. ఒలింపిక్స్‌లో ఆడా మగా ఒకే పోటీలో ఎవరికి వారుగా ఒకరితో ఒకరు తలపడే ఆట గుర్రపుస్వారీయే. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మనదేశానికి డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం తెచ్చిన నలుగురిలో ఇద్దరు అమ్మాయిలు: సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్.

వయసు మాటకొస్తే, హైదరాబాద్ శివరాంపల్లిలోని జాతీయ పోలీసు అకాడమీ చాలు. ఐపీఎస్‌కు ఎంపికై వచ్చేవాళ్లు ఇరవై ఏళ్లు దాటినవాళ్లు. అంతకుముందు గుర్రాన్ని తాకి కూడా ఎరగనివాళ్లు అక్కడ స్వారీ నేర్చుకుంటారు. తెల్లవాళ్ల కాలంలో ఐసీఎస్‌కు స్వారీ పరీక్ష తప్పనిసరి. రాతపరీక్ష గట్టెక్కిన అరవింద ఘోష్‌కు 1892లో ఉద్యోగం చేజారింది ఆ పరీక్ష దగ్గరే.

నిజంగా చూసుకోవాల్సింది బరువు. మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో ఐదోవంతు మించకూడదని లెక్క. 350 కిలోల గుర్రానికి 70 కిలోలే హద్దు. ఊరేగింపు గుర్రం మీద వరుడితో పాటు తోడుపెళ్లికొడుకునూ ఎక్కించేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి.

అపోహ: ఎడమవైపు నుంచే ఎక్కాలి.

ఎడమ నడుముకు కత్తి వేలాడే సిపాయిల అలవాటది. అటునుంచి ఎక్కించుకోవడానికి తర్ఫీదైన గుర్రమైతే అటే ఎక్కండి. అయితే నేలమీంచి రికాబు పట్టుకు వేలాడకుండా, పీట వేసుకుని ఎక్కితే దాని వెన్నుకు సుఖం.

అపోహ: మామిడితోట నీడ స్వారీకి భేషైన చోటు.

నీడ మంచిదే. కానీ పాత చిన్నరసం చెట్ల కొమ్మలు కిందికి వాలి ఉంటాయి. గుర్రం తన ఎత్తు చూసుకుని కొమ్మ కింద దూరుతుంది, పైనున్నవాడి తల లెక్క దానికి అక్కర్లేదు. కోతల రోజుల్లో చిక్కాల కర్రలు, ప్లాస్టిక్ ట్రేల చప్పుడు, గాలికి కొట్టుకునే టార్పాలిన్లు... ఇవన్నీ బెదురే. కంచె ఉన్న, మెత్తటి ఇసుక పోసిన చదును జాగాలోనే నేర్చుకోవాలి. తోటలో తిరగడం చేయి కుదిరాక.

పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టిన చెట్ల కింద గడ్డి మేపకూడదు. పండ్లు కూడా కుప్పగా వేయకండి. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు. టెంక గొంతులో అడ్డుపడినా, పొట్ట ఉబ్బినా డాక్టరు రావాల్సిందే. ఉలవ గుగ్గిళ్లతోనే గుర్రం బతుకుతుందనేది కూడా సగం నిజం. దాని తిండిలో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి, ఉలవలు పైన తాలింపు లాంటివి.

అపోహ: చెమట పట్టిన గుర్రానికి నీళ్లు చూపిస్తే చచ్చిపోతుంది.

గుర్రాలు చూసుకునే సైసుల నోట ఇప్పటికీ వినబడే మాట ఇది, మన ఎండల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ ఇదే. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ఉక్కపోతలో జరుగుతాయని, గుర్రాల కోసం ముందుగానే పరిశోధనలు చేశారు. కాగిన ఒంటి మీద చన్నీళ్లు గుమ్మరిస్తే కండరాలు పట్టేస్తాయన్న భయం తప్పని తేలింది. నీళ్లు పోయడం, మళ్లీ మళ్లీ పోస్తూ నడిపించడమే ప్రాణం కాపాడే పద్ధతి. తాగడానికీ కొంచెం కొంచెంగా ఇవ్వొచ్చు. గుర్రం మనిషిలాగే ఒళ్లంతా చెమటోడుస్తుంది, ఉప్పు కూడా పోగొట్టుకుంటుంది. మే నెల నూజివీడులో పాఠం తెల్లవారుజామునే ముగియాలి. పది గంటలకు ‘ఇంకో రౌండు’ అనే గురువుకు ఎండా తెలియదు, గుర్రమూ తెలియదు.

అపోహ: ముందు గుర్రాన్ని కొనేస్తే, నేర్చుకోవడం అదే వస్తుంది.

కొనేటప్పుడు మనవాళ్లు మొదట చూసేది సుడులు. ఈ నమ్మకం పాతది. విజయనగర కాలంలో మనుమంచి భట్టు అశ్వలక్షణాల మీద తెలుగులో పద్యగ్రంథమే రాశాడు. సుడి బట్టి యజమానికి కీడూ మేలూ రావు. చూడాల్సింది గిట్టలు, పళ్లు, నడక, గ్లాండర్స్ పరీక్ష. గ్లాండర్స్ మనుషులకూ సోకే జబ్బు, ఉందని తేలిన గుర్రాన్ని చంపేయడమే నిబంధన. నమూనా తీసి హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపమని పశువైద్యుణ్ణి అడగండి. నూజివీడువాళ్లకు గన్నవరం పశువైద్య కళాశాల దగ్గరే.

గుర్రం ఇరవై అయిదేళ్లు బతుకుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. నిలబడే నిద్రపోతుందని ఇరుకు షెడ్డులో కడతారు, కానీ గాఢనిద్రకు అది పడుకోవాలి. మందలో బతికే జీవం, ఒంటరిగా కడితే బెంగపడుతుంది. ఒక సీజన్ మామిడి డబ్బుతో కొనొచ్చు, పాతికేళ్లు పోషించడమే కష్టం.

కాబట్టి ముందు నేర్చుకోండి. ఎక్కడ చేరాలనుకున్నా రుసుము కట్టేముందు ఒక క్లాసు బయట నిలబడి చూడండి. కొత్తవాడి చేతికి పగ్గాలెప్పుడు ఇస్తున్నారు, తలకు హెల్మెట్ ఉందా, దిగాక గుర్రానికి నీళ్లు ఎవరు పెడుతున్నారు? ఈ మూడింటికీ సరైన జవాబు దొరక్కపోతే చేరకండి.