విరుగుడు మందుకూ ఉంది ఓ లెక్క
* నల్లమల అంచు ఆసుపత్రుల్లో పాముకాటు మందు ఎంత నిల్వ ఉండాలి?
* సగటును నమ్ముకుంటే ఆపదలో అల్మరా ఖాళీ
* మందు లేని రోజులను లెక్కించకుంటే మళ్లీ కొరతే

యర్రగొండపాలెం: తొలకరి పడిందంటే పశ్చిమ ప్రకాశంలో పత్తి, మిరప, కంది చేలు జనంతో కళకళలాడతాయి. అదే అదనులో పుట్టల్లోకి నీరు చేరి పాములు బయటకు వస్తాయి. రాత్రివేళ మోటారు వేసేందుకు వెళ్లిన రైతు, కలుపు తీసే కూలీ, గుడిసెలో నేలపై నిద్రించే చెంచు కుటుంబం.. ఎవరికైనా ముప్పు పొంచి ఉంటుంది. పాలుట్ల వంటి గూడేలు అడవి లోపల ఉన్నాయి. అక్కడి నుంచి రోడ్డెక్కి యర్రగొండపాలెం చేరేసరికే విలువైన సమయం గడిచిపోతుంది. అంత దూరం వచ్చాక మందు లేదంటే మార్కాపురానికి మరో 40 కిలోమీటర్ల ప్రయాణం. ఒంగోలుకైతే వంద కిలోమీటర్లకు పైమాటే. విషం ఒంట్లోకి ఎక్కుతున్న వేళ ఆ దూరమే ప్రాణాంతకమవుతుంది.

అందుకే ఆసుపత్రి అల్మరాలో విరుగుడు మందు ఎంత నిల్వ ఉండాలన్నది కేవలం గుమాస్తా పని కాదు. దానికి ఓ శాస్త్రం ఉంది. కర్మాగారాలు, రైల్వేలు, సైన్యం దశాబ్దాలుగా పాటిస్తున్న లెక్కలే ఇక్కడా వర్తిస్తాయి. తేడా ఒక్కటే. కర్మాగారంలో సరకు నిండుకుంటే యంత్రం ఆగుతుంది. ఇక్కడ ఊపిరి ఆగుతుంది.

ఒక్కొక్కరికి ఎంత?

మన దేశంలో వాడే విరుగుడు నాలుగు పాముల విషానికి పనిచేస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఆ నాలుగు. పాము కరిచిన ప్రతి ఒక్కరికీ ఈ మందు ఎక్కించరు. విషం ఎక్కిన లక్షణాలు కనిపిస్తేనే ఇస్తారు. జాతీయ చికిత్సా మార్గదర్శకాల ప్రకారం తొలి విడతగా సుమారు 10 వయల్స్ ఇవ్వాలి. పిల్లలకైనా, పెద్దలకైనా మోతాదు అంతే. పాము ఎక్కించే విషం మనిషి బరువును చూసి తగ్గదు కదా! రక్తం గడ్డకట్టకపోతే, నరాల నీరసం తగ్గకపోతే మరో విడత తప్పదు. పింజర కాటు కేసుల్లో 20 దాటి 30 వయల్స్ వరకు అవసరం పడవచ్చు.

ఇక్కడే తొలి పాఠం ఉంది. ఈ మందును వయల్స్‌లో కాదు, రోగుల్లో లెక్కించాలి. రిజిస్టరులో '10 వయల్స్ నిల్వ' అని రాసి ఉంటే చూసేవారికి ధైర్యంగానే ఉంటుంది. నిజానికి అది ఒకే ఒక్క రోగికి తొలి విడత. అదే రాత్రి రెండో మనిషి వస్తే ఇచ్చేందుకు ఏమీ మిగలదు.

సగటు చేసే మోసం

ఒక చిన్న ఆరోగ్య కేంద్రానికి ఏడాదికి ముగ్గురు పాముకాటు బాధితులు వస్తారనుకుందాం. తలా 15 వయల్స్ చొప్పున 45 ఖర్చవుతాయి. నెలకు సగటు నాలుగుకు కాస్త తక్కువ. మూడు నెలల సరఫరా అంటూ సగటు ప్రకారం పంపితే 11 వయల్స్ వస్తాయి. కానీ సగటు మనిషి ఆసుపత్రికి రాడు. వస్తే 10 నుంచి 20 వయల్స్ అవసరమయ్యే నిజమైన మనిషి వస్తాడు. కాబట్టి అరుదుగా వాడే ప్రాణరక్షక మందులకు సగటు ఆధారంగా కాకుండా, ఇద్దరు రోగులకు తొలి విడతకు సరిపడా అంటే 20 వయల్స్‌ను కనీస నిల్వగా ఉంచడమే వివేకం. వాడిన మరుసటి రోజే తిరిగి నింపుకోవాలి.

పెద్ద ఆసుపత్రి లెక్క ఇలా..

బాధితులు తరచూ వచ్చే ఆసుపత్రికి మరో పద్ధతి ఉంది. అంకెలు కేవలం ఉదాహరణకు తీసుకుందాం. వర్షాకాలంలో రోజుకు సగటున 1.5 వయల్స్ ఖర్చవుతున్నాయి. ఇండెంట్ పెట్టిన నాటి నుంచి మందు చేరేందుకు మామూలుగా 20 రోజులు పడుతోంది. అంటే ఆ వ్యవధిలో 30 వయల్స్ కావాలి. అయితే అన్నీ అనుకున్నట్లు జరగవు. ఉద్ధృతంగా కేసులు వచ్చే రోజుల్లో ఖర్చు రోజుకు మూడుకు పెరగవచ్చు. సరఫరా 30 రోజులకు జారవచ్చు. రెండూ కలిసొస్తే 90 వయల్స్ కావాలి. ఈ 90 నుంచి మామూలు అవసరమైన 30 తీసివేస్తే మిగిలే 60 భద్రతా నిల్వ. నిల్వ 90కి దిగిన రోజునే ఇండెంట్ పెట్టాలి. సున్నాకు చేరాక కాదు.

మూడు నెలలకోసారి సరకు తెచ్చుకునే పద్ధతిలో గరిష్ఠ నిల్వనూ తేల్చుకోవాలి. 90 రోజుల వాడకం 135, సరఫరా వ్యవధి వాడకం 30, భద్రతా నిల్వ 60. మొత్తం 225. ఇండెంట్ రాసే రోజున చేతిలో 110, దారిలో 20 ఉంటే కోరవలసింది 95. దారిలో ఉన్నవాటిని మరిచిపోతే మందు పోగుపడి గడువు తీరుతుంది. మధ్యలో నిల్వ 90కి దిగితే మూడు నెలలు నిండేవరకు ఆగకుండా అత్యవసర ఇండెంట్ పెట్టుకోవాలి.

కనిపించని 33 రోజులు

నిల్వల లెక్కలో అన్నింటికంటే ప్రమాదకరమైన పొరపాటు మరొకటుంది. జూన్ నుంచి నవంబరు వరకు 183 రోజులు. ఈ కాలంలో ఉదాహరణ ఆసుపత్రిలో 225 వయల్స్ వాడారు. రెండింటినీ భాగిస్తే రోజుకు 1.23. వచ్చే ఏడాది అంచనాకు చాలామంది ఈ అంకెనే తీసుకుంటారు. కానీ అందులో 33 రోజులు అసలు మందే లేదనుకోండి. ఆ రోజుల్లో వచ్చినవారిని వేరే ఊరికి పంపేశారు. స్టాకు రిజిస్టరులో వారి జాడ ఉండదు. మందు ఉన్న 150 రోజులతో భాగిస్తే అసలు అవసరం రోజుకు 1.5 అని తేలుతుంది.

తేడా చిన్నదే అనిపిస్తుంది. ఆ 33 రోజులకు లెక్కిస్తే దాదాపు 50 వయల్స్. తలా 15 చొప్పున చూస్తే ముగ్గురి పూర్తి చికిత్స. కొరత వల్ల ఖర్చు తగ్గింది, ఖర్చు తగ్గిందని అంచనా తగ్గింది, అంచనా తగ్గడంతో మళ్లీ కొరత వచ్చింది. ఈ విషవలయం తెగాలంటే మందు లేని రోజులను, తిప్పి పంపిన రోగులను విధిగా నమోదు చేయాలి.

దేశవ్యాప్తంగానూ ఇదే చిక్కు. పాముకాటు మరణాల్లో అధిక భాగం ఆసుపత్రుల లెక్కకు ఎక్కడం లేదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మృతిచెందారని, ఏటా సగటున 58 వేల మరణాలు సంభవించాయని 2020లో వెలువడిన ఓ అధ్యయనం అంచనా వేసింది. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించే లక్ష్యంతో కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రారంభించింది. అదే ఏడాది నవంబరులో, పాముకాటును తప్పనిసరిగా నివేదించవలసిన కేసుల జాబితాలో చేర్చాలని రాష్ట్రాలను కోరింది. కాటు లెక్క తేలితేనే మందు లెక్క తేలుతుంది.

గడువు.. చల్లదనం

ఎక్కువ తెచ్చి పెట్టుకుంటే సరిపోదా అన్న ప్రశ్న సహజం. మందుకు గడువు ఉంటుంది. పొడి రూపంలోని విరుగుడు సాధారణంగా ఐదేళ్ల వరకు నిలుస్తుంది. ద్రవరూపంలోనిదైతే సుమారు రెండేళ్లే. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. కరెంటు కోతలుండే అడవి అంచు కేంద్రాలకు పొడి మందే అనువు.

ముందు వచ్చినది ముందు వాడటం కిరాణా కొట్టు పద్ధతి. మందుల విషయంలో ముందు గడువు తీరేది ముందు వాడాలి. వాడకం తక్కువగా ఉన్న చిన్న కేంద్రాల్లోని వయల్స్‌ను గడువుకు ఆరు నెలల ముందే పెద్ద ఆసుపత్రికి తరలించి, అక్కడి కొత్తవాటిని ఇక్కడికి తెస్తే ఒక్కటీ వృథా కాదు. చిన్న కేంద్రంలో 20 వయల్స్ ఉంచితే దండగన్న వాదనకు ఇదే సమాధానం.

మందొక్కటే చాలదు

విరుగుడు ఎక్కించేటప్పుడు కొందరికి శరీరం వికటిస్తుంది. అందుకే అడ్రినలిన్ ఇంజక్షన్ పక్కనే సిద్ధంగా ఉండాలి. రక్తం గడ్డకడుతోందో లేదో 20 నిమిషాల్లో తేల్చే పరీక్షకు శుభ్రమైన గాజు గొట్టం కావాలి. ఆక్సిజన్, నరాల నీరసానికి నియోస్టిగ్మిన్ ఉండాలి. గాజు గొట్టం ఖరీదు స్వల్పం. అది లేకపోతే విలువైన మందు ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో తెలియదు. కాబట్టి ధరను బట్టి కాక, లేకపోతే ప్రాణం పోతుందా అన్న ప్రశ్నను బట్టి వస్తువుల ప్రాధాన్యం నిర్ణయించాలి. వీటన్నింటినీ ఒకే అరలో, ఒకే జాబితాగా తనిఖీ చేయాలి.

కుక్కకాటు టీకాకు లెక్క వేరు. చర్మంలోకి ఇచ్చే విధానంలో 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు, ప్రతిసారీ రెండుచోట్ల 0.1 మిల్లీలీటరు చొప్పున ఒక్కొక్కరికి 0.8 మిల్లీలీటర్లు కావాలి. నెలకు 40 మంది కొత్తవారు వస్తే 32 మిల్లీలీటర్లు. తెరిచిన సీసాను ఆ పూటలోనే వాడేయాలి గనుక వృథా కింద మరో నాలుగో వంతు కలిపితే మిల్లీలీటరు వయల్స్ 40 అవసరం. మొదటి సూది వేయించుకున్నవారి మిగతా మూడు విడతలను ముందే కేటాయించి ఉంచాలి.

పొరుగు పాఠం

తమిళనాడు 1994లో వైద్యసేవల సంస్థను నెలకొల్పి, జిల్లా గిడ్డంగుల ద్వారా ఆసుపత్రులకు పాసుపుస్తకం పద్ధతిలో మందులు ఇవ్వసాగింది. ఏ ఆసుపత్రి ఎంత తీసుకుందో, గిడ్డంగిలో ఎంత ఉందో ఎప్పటికప్పుడు తెలియడం ఆ విధానానికి బలం. మన రాష్ట్రంలో వైద్యసేవల, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ మందులు కొనుగోలు చేసి సెంట్రల్ డ్రగ్ స్టోర్ల ద్వారా ఆసుపత్రులకు చేరుస్తోంది. ఆన్‌లైన్ నమోదు వచ్చింది. అయితే కంప్యూటరు చెప్పేది మనం ఎక్కించిన అంకెనే. వాడిన రోజునే నమోదు చేయకపోతే తెరపై మందు ఉంటుంది, అరలో ఉండదు.

ప్రజలు అడగవలసినవి

ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ సమావేశాల్లో ప్రజాప్రతినిధులు నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. ఈ రోజు ఎంతమంది రోగులకు సరిపడా విరుగుడు ఉంది? ఎంతకు దిగితే ఇండెంట్ పెడతారు? గత వర్షాకాలంలో ఎన్ని రోజులు మందు లేదు? దగ్గరలో గడువు తీరేవి ఎన్ని? జూన్‌లో వచ్చే అవసరానికి ఏప్రిల్‌లోనే ఈ సమాధానాలు సిద్ధంగా ఉండాలి.

బాధితుల వంతు జాగ్రత్తా ఉంది. గాయాన్ని కోయడం, గట్టిగా కట్టు బిగించడం, నాటు వైద్యం కోసం తిరగడం మాని, కరిచిన కాలు లేదా చెయ్యి కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి చేరాలి. రోగి వేగంగా వచ్చేది మందు అక్కడ ఉంటుందన్న నమ్మకంతోనే. ఆ నమ్మకాన్ని నిలబెట్టేది స్టాకు రిజిస్టరులోని సరైన లెక్కే.