‘గా’ అంటే ‘లీ’ కాదు!

మైపాడు పిల్లవాడొకడు కృష్ణపట్నం రేవులో ఉద్యోగానికి దరఖాస్తు రాస్తున్నాడనుకోండి. ‘కష్టపడి పనిచేస్తాను’ అనబోయి, ‘ఐ హార్డ్‌లీ వర్క్’ అని రాశాడు. చదివిన అధికారికి అర్థమయ్యేది వేరు: ‘నేను పనిచేయడమే తక్కువ!’ పాపం, తన నోటితో తానే ఉద్యోగం వద్దన్నట్టయింది.

ఈ పొరపాటుకు మూలం మన తెలుగే. ‘నెమ్మది’కి ‘గా’ చేరిస్తే క్రియావిశేషణం. ఇంగ్లీషులో ‘స్లో’కు ‘లీ’ చేరిస్తే ‘స్లోలీ’. పోలిక చాలాచోట్ల కుదురుతుంది. అందుకే అన్నిచోట్లా నమ్మేస్తాం. కాని ‘హార్డ్’, ‘లేట్’, ‘ఫాస్ట్’ ఉన్నవి ఉన్నట్టే రెండు పనులూ చేస్తాయి. ‘హీ వర్క్స్ హార్డ్’ అంటే చాలు. ‘లీ’ తగిలించారా, అర్థమే మారుతుంది. ‘కేమ్ లేట్’ అంటే ఆలస్యంగా వచ్చాడని. ‘లేట్‌లీ’ అంటే ఈమధ్య అని. ఇక ‘ఫాస్ట్‌లీ’ అన్న మాట వాడుకలోనే లేదు.

‘టూ’తోనూ ఇదే చిక్కు. నెల్లూరి చేపల పులుసు తిని, మెచ్చుకోబోయి ‘టూ స్పైసీ’ అన్నారో, కారం మితిమీరిందని ఇల్లాలు చిన్నబుచ్చుకుంటుంది. మెప్పుకు ‘వెరీ’, మితిమీరితే ‘టూ’.

కనుక దరఖాస్తు పంపేముందు, ‘లీ’ ఉన్న ప్రతి మాట దగ్గరా ఒక్క క్షణం ఆగి, నిఘంటువు తిరగేయమని పిల్లలకు చెప్పండి.