కిందికి దించిన కారు – టైర్ల అరుగుదల

సూరత్ నగరంలోని పాండేసర పారిశ్రామికవాడ అద్దకం, ముద్రణ మిల్లులకు పేరు పొందింది. తెలంగాణ నేత జిల్లాల నుంచి సూరత్‌కు వలస వచ్చిన కుటుంబాలలో కొన్ని పండుగలకు సొంత కారులోనే స్వగ్రామానికి వెళుతుంటాయి. అందంగా కనబడుతుందని కారు స్ప్రింగులు కోయించి ఎత్తు తగ్గించిన యువకుడు ఇలా అంటాడు: ‘‘నెల క్రితమే అలైన్‌మెంట్ చేయించాను. అయినా ముందు టైర్లు లోపలి అంచున నున్నబడ్డాయి.’’ దీనికి కారణమేమిటి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

కాంబర్, టో

కారును ముందు నుంచి చూసినప్పుడు చక్రం నిలువుగా ఉందా, పక్కకు ఒరిగి ఉందా అని తెలిపే కోణం కాంబర్. చక్రం పైభాగం లోపలికి ఒరిగితే దానిని రుణ కాంబర్ అంటారు. పై నుంచి చూసినప్పుడు రెండు చక్రాల ముందు భాగాలు దగ్గరగా వస్తే టో-ఇన్, దూరంగా జరిగితే టో-అవుట్. పాదాల వేళ్లను లోపలికి, బయటికి తిప్పి నిలబడి చూడండి, తేడా తెలుస్తుంది.

ఎత్తు తగ్గితే ఏమవుతుంది?

సాధారణంగా చిన్న కార్ల ముందు చక్రాన్ని కింద ఒక బాహువు, పైన షాక్ అబ్జార్బర్ స్తంభం పట్టి ఉంచుతాయి. కారు కిందికి దిగినప్పుడు ఆ బాహువు కోణం మారి, చక్రం పైభాగం లోపలికి ఒరుగుతుంది. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ వేరొక వృత్తచాపంలో కదులుతుంది. అందువల్ల టో కూడా మారుతుంది.

ఈ రెండింటిలో టైరును త్వరగా తినేసేది టో. చక్రం వెళ్లవలసిన దిశకు కేవలం అర డిగ్రీ పక్కకు తిరిగి ఉందనుకుందాం. అర డిగ్రీ సైన్ విలువ 0.0087. అంటే ఒక కిలోమీటరు ప్రయాణంలో టైరు దాదాపు 9 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోతుంది. 1000 కిలోమీటర్లకు ఇది సుమారు 9 కిలోమీటర్లు! రుణ కాంబర్ వల్ల బరువు లోపలి అంచు మీద పడుతుంది కనుక ఈ రాపిడి అక్కడే ఎక్కువగా పనిచేస్తుంది.

టైరును చదవడం

రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. నడుమ అరిగితే గాలి ఎక్కువ. లోపలి అంచు మాత్రమే అరిగితే కాంబర్‌ను, దానితోపాటు టోను అనుమానించాలి. టైరు మీద అడ్డంగా చేయి రాస్తే ఒక దిశలో నున్నగా, ఎదురు దిశలో రంపంలా తగిలితే అది టో దోషం. తీగలు బయటపడిన చోట మాత్రం చేయి పెట్టకండి. లోపలి అంచు నిలబడి చూస్తే కనబడదు. ప్రమాదం అక్కడే దాగి ఉంటుంది.

సరిచేసే క్రమం

1. టైర్లలో గాలిని తయారీదారు చెప్పిన మేరకు నింపాలి. బుష్‌లు, బాల్ జాయింట్లు, టై రాడ్ చివరలు వదులుగా లేవని చూసుకోవాలి. వదులు భాగాలతో చేసిన అలైన్‌మెంట్ నిలవదు.

2. రెండు వైపులా ఎత్తు సమానంగా ఉండాలి. ఎత్తును ఖాయం చేశాకే కొలతలు తీయాలి.

3. ముందు కాంబర్, ఆ తర్వాత టో సవరించాలి. కాంబర్ మారితే టో మారుతుంది. పాండేసర యువకుడి వంటి వారి విషయంలో సాధారణంగా జరిగే పొరపాటు ఇదే: టో ఒక్కటే సరిచేసి పంపుతారు. కాంబర్ సవరణ లేని కార్లకు అందుకు తగిన ప్రత్యేక బోల్టులు అవసరం కావచ్చు.

4. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కొలిపించాలి.

అరిగిన టైర్లను ముందు వెనుకలకు మార్చడం వల్ల అరుగుదల పంచబడుతుంది కాని, కారణం తొలగదు.

స్ప్రింగు కోయవచ్చునా?

కోయకూడదు. స్ప్రింగు బిరుసుతనం దాని చుట్ల సంఖ్యకు విలోమానుపాతంలో ఉంటుంది. పనిచేసే ఆరు చుట్లలో ఒకటి కోస్తే 20 శాతం బిరుసెక్కుతుంది. గుంతలో చక్రం కిందికి వేలాడినప్పుడు కోసిన స్ప్రింగు తన స్థానం నుంచి తప్పుకోవచ్చు కూడా. కుటుంబంతో దూర ప్రయాణం చేసే కారుకు తయారీదారు ఇచ్చిన స్ప్రింగులనే తిరిగి అమర్చడం అన్నిటికంటే మంచి మరమ్మతు.

గుర్తుంచుకోండి: 1989 కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం కారు టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఊరికి బయలుదేరే ముందు చక్రాన్ని ఒక పక్కకు తిప్పి, లోపలి అంచు దగ్గర కూడా ఆ లోతును చూడండి.

అభ్యాసం: టో దోషం పావు డిగ్రీ అయితే 100 కిలోమీటర్లలో టైరు ఎన్ని మీటర్లు పక్కకు ఈడ్చుకుపోతుంది?