బందరు అద్దకము

మచిలీపట్టణమును మనవారు బందరు అని వ్యవహరింతురు. పారసీక భాషలో బందరు అనగా ఓడరేవు. ఆ రేవునకు దేశాంతరములలో కీర్తి తెచ్చిన సరకులలో అద్దకపు వస్త్రము ముఖ్యమైనది. దానినే నేడు అంతటను కలంకారీ యనుచున్నారు. ‘కలం’ అనగా లేఖిని. ‘కారీ’ అనగా పని. ఈ పేరు శ్రీకాళహస్తి పనికి చక్కగా సరిపోవును. అచ్చటివారు వెదురుపుల్లకు గుడ్డ చుట్టి, దానిని రంగులో ముంచి, రామాయణ భారత కథలను వస్త్రముపై చేతితో వ్రాయుదురు. బందరు, పెడన గ్రామములవారు అట్లుగాక చెక్క అచ్చులతో అద్దుదురు. కావున ఇచ్చటి పనికి ‘అద్దకము’ అను మన తెలుగు మాటయే తగియున్నది.

చూచువారు అచ్చును రంగులో ముంచి గుడ్డపై వేసినంతనే పని ముగిసినదని తలంతురు. నిజమునకు రంగు అచ్చులో లేదు. వేరు, కాయ, పటిక, ఇనుము, పారెడు నీరు, ఎండ — ఇన్ని కలిసినప్పుడే గుడ్డలో రంగు పుట్టును. ఈ సంగతి తెలిసికొన్నచో నీ కళ యేల విలువగలదో, యేల అపాయములో నున్నదో బోధపడును.

ముందుగా పూర్వచరిత్ర కొంత విన్నవింతును. గోలకొండ సుల్తానుల కాలమున బందరు వారికి ప్రధానమైన రేవు. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును వర్తకమునకై యిచ్చటికి వచ్చిరి. అంతకుముందే పారసీక వర్తకుల రాకపోకలుండెను. వారి అభిరుచి ననుసరించియే బందరు అద్దకమున దేవతామూర్తులకంటె తీగెలు, పువ్వులు, మామిడిపిందెలు, చిలుకలు, జీవవృక్షము ఎక్కువగా కానవచ్చును. ఎన్నిమారులు ఉతికినను వెలిసిపోని రంగును నూలుబట్టపై నిలుపు విద్య ఆనాడు ఐరోపావారికి తెలియదు. అందుచే మన తీరపు వస్త్రములకు అచ్చట గిరాకి పెరిగి, వారి సాలెలకు జీవనము కష్టమయ్యెను. ఫ్రాన్సు దేశము 1686లో ఈ రంగుబట్టలను నిషేధించెను. ఇంగ్లండు 1721లో అద్దకపు నూలుబట్టలు ధరించుటను చట్టముచే మాన్పింపజూచెను. 1742లో కోరమండల తీరముననున్న కేర్దూ అను ఫ్రెంచి క్రైస్తవ గురువు ఈ పని క్రమమును విచారించి తన దేశమునకు లేఖగా వ్రాసి పంపెను. మన పల్లెలలోని పనివారి విద్యకు రాజ్యములు చట్టములు చేయవలసివచ్చెననిన, దాని శక్తిని మీరే యూహింపుడు.

ఇక పని క్రమము. మొదట నూలుగుడ్డను నానవైచి, గంజి పోవునట్లు ఉదికి ఆరవేయుదురు. పిమ్మట కరక్కాయ పొడి కలిపిన నీటిలో ముంచుదురు. దానితో గుడ్డకు లేత పసుపుచాయ వచ్చును. కరక్కాయలోని వగరు నూలుపోగును పట్టుకొని, పైన వేయబోవు పదార్థములను పోనీయక నిలుపును.

నలుపునకై త్రుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో కొన్ని దినములు ఊరవేయుదురు. ఆ నీటికి బంక చేర్చి అచ్చుతో అద్దినప్పుడు, ఇనుము కరక్కాయ వగరుతో కలిసి నల్లని గీత యగును. పూర్వము మన బడులలో కరక్కాయతోను అన్నభేదితోను చేసిన సిరా యిట్లే నల్లబడెడిది. ఎరుపు కావలసినచోట పటికనీటిని అద్దుదురు. పటికకు తనదైన రంగు లేదు. అద్దకపువాడు ఇప్పుడు కంటికి కానరాని యెరుపును మనస్సులో నుంచుకొని అచ్చు వేయుచున్నాడన్నమాట.

అచ్చులను టేకుచెక్కపై చెక్కుదురు. అంచుగీతకు ఒకటి, లోపల నిండించుటకు మరియొకటి, ఇట్లు ఒక్క పువ్వునకే రెండు మూడు అచ్చులు కావలెను. క్రింద మెత్తగా పరచిన బల్లపై గుడ్డను వేసి, అచ్చు నుంచి, పిడికిలితో నొక్క పోటు పొడుతురు. ఒక యచ్చు గీతపై మరియొక యచ్చు తప్పక కూర్చుండునట్లు చేయుట చేయి తెలిసిన పని; కొలబద్ద సాయమున్నను కన్నే ప్రమాణము.

అద్దిన గుడ్డను కొన్ని దినములు నిలువయుంచి, పిమ్మట పారుచున్న నీటిలో జాడింతురు. నీరు పారవలసినదే, నిలువనీరు పనికిరాదు. గుడ్డనుండి విడివడిన అదనపు పటిక నిలువనీటిలో మరల గుడ్డపై మరియొకచోట పట్టుకొని, ఉడికించునప్పుడు అచ్చట గూడ ఎరుపు మరక యేర్పడును. పారెడునీరు దానిని కొనిపోవును. అందుచే కృష్ణ కాలువలు ఈ పనికి రంగులంత ముఖ్యము.

తరువాత రాగి బానలో నీరు కాచి, చిరివేరో మంజిష్ఠయో, జాజియాకుతో గలిపి అందులో గుడ్డను ఉడికింతురు. అప్పుడు పటిక తగిలినచోటెల్ల ఎరుపు పైకి తేలును. వేరులోని రంగునకును నూలుపోగునకును పటిక ముడివేయును. ఆ ముడి యుతుకునకు విడదు. పటిక లేనిచోట పట్టిన కొలదిపాటి రంగు, నీరు చిలుకరించుచు ఎండలో పరచగా విరిగిపోవును. నీలిమందుతో నీలమును, దానిమ్మతొక్క వంటివానితో పసుపును తుదకు చేర్తురు. ఈ విధముగా నొక్క దుప్పటి ముగియుటకు పలుదినములు పట్టును.

ఇట్టి పనికి వచ్చిన దెబ్బలు పెక్కు. 1864 నవంబరు 1వ తేదీ తుపానున సముద్రము బందరుపై పొరలి, సుమారు 30,000 మంది ప్రాణములు గొనెను. మరలు నేసిన చవుకబట్ట అంగళ్లను నింపెను. 1869 ప్రాంతమున జర్మనీలో చిరివేరునందలి యెరుపువంటిదే తారునుండి తీయుట నేర్చిరి. వేరు త్రవ్వువారికి పని తగ్గెను. 1952లో అఖిల భారత హస్తకళా మండలి యేర్పడి, కమలాదేవి చట్టోపాధ్యాయ మొదలగువారి పూనికచే ఇట్టి కళలకు మరల ఊపిరి వచ్చెను.

నేటి కష్టము వేరు విధమైనది. తెరపై రంగును లాగి, కరక్కాయయు వేరును లేక త్వరితముగా ముద్రించిన గుడ్డ సయితము కలంకారీ యను పేరుతోనే అమ్ముడుపోవుచున్నది. తెరముద్రణ కూడ నిజాయితీగల పనియే; దానిపై బ్రతుకువారును మన గ్రామములవారే. దానిని దాని పేరుతో అమ్మినచో తప్పులేదు. అద్దకపు పేరును, అద్దకపు వెలను అది తీసికొన్నప్పుడు, బాన క్రింద మంట పెట్టువాని నోటి ముద్ద పోవుచున్నది. బందరు కలంకారీ భౌగోళిక గుర్తింపు పొందియున్నను, అంగడిలో గుడ్డను చేతబట్టినవాడు గుర్తెరుగనిచో ఆ కాగితమొక్కటియే కాపాడజాలదు.

కావున కొనునప్పుడు మూడు సంగతులు చూడుడు. అచ్చును అచ్చును కలియుచోట వెండ్రుకవాసి యెచ్చుతగ్గులు చేతిపనికి గురుతు; ప్రతి పువ్వును ఒక్కతీరున నున్నచో అనుమానింపదగును. గుడ్డను త్రిప్పి చూడుడు. ఉడికిన రంగు సామాన్యముగా వెనుకవైపునకును దిగియుండును. ఏ రంగు దేనితో చేసిరని అమ్మువాని నడుగుడు. తెలిసినవాడు సంతోషముగా చెప్పును.

గ్రామములలో పెద్దలగు మీరు మరి రెండు పనులు చేయవచ్చును. మీ ఇండ్లలో పాత అద్దకపు దుప్పట్లున్నచో చింకిపాతలని పారవేయకుడు. క్రొత్త అచ్చు చెక్కువానికి అవియే పాఠములు. కాలువలో మురుగు విడుచుట మీ పంచాయితీలో చర్చకు వచ్చినప్పుడు, ఆ నీరు పొలమునకు మాత్రమేగాక రంగునకును ప్రాణమని జ్ఞాపకము చేయుడు. నీరు చెడినచో ఎంత నేర్పరియైన చేయియు ఆ యెరుపును తీయలేదు.